నీరటికి అందని కబురు

మా చిన్నాయన బండి పదిహేనేళ్ల ఆర్‌సీ గడువు దాటింది. ఇంకో ఐదేళ్లకు పొడిగించుకుని నడుపుతున్నాడు. ఎనిమిది మంది కూర్చునే టర్బో డీజిల్ బండి. రాజీవ్ రహదారి మీద మొదటి అరగంట ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత ఏ లారీనో దాటుదామని యాక్సిలరేటర్ నిండా తొక్కితే టర్బో ఈల సన్నగా లేస్తుంది, వీపు సీటుకు అతుక్కుంటుంది, అంతలోనే వెనక నుంచి ఎవరో పలుపు తాడు పట్టి లాగినట్టు బండి చచ్చుబడిపోతుంది. మీటర్ల మధ్య పసుపు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. ఇక ఎంత తొక్కినా అరవై దాటదు. పక్కకు ఆపి, తాళం తీసి, పది లెక్కపెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరుగెత్తుతుంది.

కొమురవెల్లి మల్లన్న జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లినరోజు దారిలో మూడుసార్లు ఇలా ఆగాం. అప్పటికే డీజిల్ ఫిల్టర్ మారింది, గాలి ఫిల్టర్ మారింది, ఇంజెక్టర్లు విప్పి కడిగించారు, ఒకచోట ట్యాంకు మొత్తం ఖాళీ చేయించారు. చూసినవాళ్లంతా ఏదో తక్కువైందనే వెతికారు. గుంజడం లేదంటే డీజిల్ అయినా అందడం లేదు, గాలి అయినా అందడం లేదు అనుకోవడం సహజమే. చివరికి ఒకచోట టర్బో మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు విని చిన్నాయన బండి అమ్మేద్దామన్నాడు.

అప్పుడు వెళ్లాం సిద్దిపేటలో ఆ షెడ్డుకు. కరీంనగర్ వెళ్లే రోడ్డు పక్కన రేకుల కప్పు, ముందు ఒక వేపచెట్టు, లోపల రెండు బండ్లు పట్టే జాగా. యజమానిని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. వయసు యాభై దాటి ఉంటుంది. చిన్నాయన చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. బానెట్ ఎత్తలేదు, స్కానర్ తీయలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఆగే ముంగట ఈల పెరుగుతదా, తగ్గుతదా కాకా?"

"పెరుగుతది."

"ఎనక నల్ల పొగ వస్తదా?"

"లేదు ఉస్తాద్. పొగ అసలే లేదు."

"ఇంజిన్ సల్లగున్నప్పుడు ఎన్నడన్న ఆగిందా?"

చిన్నాయన కొంచెం ఆలోచించాడు. "లేదు. పొద్దున తీసినప్పుడు మంచిగనే ఉంటది."

"అయితే బండికి తాకత్ తక్వ కాలే కాకా. ఎక్వైంది."

ఆ మూడు ప్రశ్నల విలువ నాకు తర్వాత తెలిసింది. టర్బో దగ్గరి గొట్టం ఎక్కడైనా చీలి గాలి బయటికి పోతుంటే డీజిల్ సగం కాలి నల్ల పొగ రావాలి. పొగ లేదంటే గాలికి లోటు లేదు. ఈల పెరుగుతోందంటే టర్బో ఇంకా వేగం అందుకుంటోంది, అలసిపోవడం లేదు. చల్లగా ఉన్నప్పుడు రాదంటే తప్పు వేడితో కలిసి పుడుతోంది. ఒక్క పానా పట్టకుండా వెతకాల్సిన చోటు బండెడు నుంచి జానెడుకు తగ్గింది. ఆరు నెలలుగా అందరూ మందగించిన బండికి వైద్యం చేస్తుంటే, ఆయన హద్దు దాటి ఉరుకుతున్న బండిని చూశాడు. అది ఉరికినప్పుడు ఇంజిన్ పగలకుండా కంప్యూటరే డీజిల్ కోసి కట్టేస్తోంది. మాకు కనిపించిన నీరసం ఆ కట్టుబాటు వల్ల వచ్చిందే.

టర్బో పని సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇంజిన్ వదిలే వేడి పొగ ఊరికే గాలిలో కలిసిపోకుండా దానితో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకు అటు చివర ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని పీల్చి, ఒత్తి, మళ్లీ ఇంజిన్‌లోకి తోయడం దాని పని. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కార్ల టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఇందులో ఒక చిక్కు పుట్టుకతోనే ఉంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ మంట, ఎక్కువ మంటకు ఎక్కువ పొగ, ఎక్కువ పొగకు చక్రం ఇంకా వేగం, మళ్లీ ఇంకా ఎక్కువ గాలి. పట్టే చెయ్యి లేకపోతే ఈ చుట్టు తనంతట తాను ఆగదు. హెడ్ గాస్కెట్టో, టర్బో ఇరుసో, గాలి గొట్టమో ఏదో ఒకటి పోయేదాకా పెరుగుతుంది.

ఆ పట్టే చెయ్యి పేరు వేస్ట్‌గేట్. పొగ టర్బైన్ చక్రానికి చేరే ముందే పక్కదారి పట్టించే చిన్న ఇనుప తలుపు అది.

ఉస్తాద్ దీన్ని మా చిన్నాయనకు చెరువు భాషలో చెప్పాడు. "చెర్వు నిండితే మత్తడి దుంకుతది గద, గట్ల." చిన్నాయనకు వెంటనే అర్థమైంది. కానీ ఉస్తాద్ అక్కడితో ఆపలేదు. తన పోలికను తానే సరిదిద్దుకున్నాడు. చెరువు మత్తడి చెరువు కట్టలోనే ఉంటుంది, నీళ్లు ఆ ఎత్తుకు వస్తే వాటంతట అవే పొర్లుతాయి. ఇక్కడ అలా కాదు. నిండేది ఒకచోట, తెరవాల్సిన తలుపు ఇంకోచోట. చెరువులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, పైన వాగు దగ్గరున్న తలుపు తీయాలి. అంటే మధ్యలో ఒక నీరటి ఉండాలి. మట్టం చూసిన కబురు ఆ నీరటికి అందాలి.

ఈ బండిలో ఆ నీరటి యాక్చువేటర్. షెడ్డు మాటలో డబ్బా. టీ గ్లాసు అడుగంత గుండ్రటి రేకు డబ్బా, లోపల రబ్బరు పొర, దాని వెనక గట్టి స్ప్రింగు, పొరకు బిగించిన సన్నటి కడ్డీ. కడ్డీ రెండో చివర వేస్ట్‌గేట్ చెవికి తగిలించి ఉంటుంది. టర్బో గాలిని తోసే వైపు నుంచి చిటికెన వేలికన్నా సన్నటి పైపు ఒకటి ఆ డబ్బాలోకి వస్తుంది. గాలి ఒత్తిడి పెరిగితే పొర స్ప్రింగును నెట్టి, కడ్డీని కదిపి, తలుపు తెరుస్తుంది. పొర అడ్డంగా 5 సెంటీమీటర్లు ఉంటే దాని వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ ఒత్తిడిలో దాని మీద పడే బలం దాదాపు 20 కిలోల బరువుకు సమానం. అరచేతిలో పట్టే డబ్బా అంత బరువును నెడుతుంది, అదీ ఎర్రగా కాగే ఇనుము పక్కన కూర్చుని, కరెంటు లేకుండా, కంప్యూటర్ లేకుండా. ఇంత పొదుపైన పనితనం యంత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారుకు టర్బో పెట్టినప్పుడే దానికి వేస్ట్‌గేట్ ఉంది. ఇంజిన్ కొట్టుకోకుండా నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని కూడా చిమ్మేవారు. చాలామంది ఆ ద్రవాన్ని నింపుకోవడం మరిచిపోయేవారు, రెండేళ్లకే ఆ కారు తయారీ ఆగిపోయింది. 1977లో సాబ్ 99 టర్బో వచ్చాకే, చిన్న టర్బోను తొందరగా లేపి వేస్ట్‌గేట్‌తో హద్దులో ఉంచే పద్ధతి రోజూ నడిపే కార్లలో కుదురుకుంది.

ఇప్పుడు ఉస్తాద్ పని.

మొదట ఇంజిన్ ఆపి ఉండగానే తాళం మాత్రం తిప్పి స్కానర్ పెట్టాడు. గాలి పీడనం అంకె 955 మిల్లీబార్ చూపింది. పుస్తకం చదివి వచ్చినవాడు ఇక్కడే తడబడతాడు, ఎందుకంటే సముద్ర మట్టంలో అది 1013 ఉండాలి. సెన్సర్ తక్కువ చూపుతోందని మార్చేసేవాళ్లు కూడా ఉన్నారట. కానీ సిద్దిపేట దక్కను పీఠభూమి మీద సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి బరువే అంత. ఆయన ఆ లెక్క చేయలేదు. షెడ్డులో ఉన్న రెండో బండికి స్కానర్ తగిలించాడు. అదీ 955కు అటూ ఇటుగానే చూపింది. "రెండు బండ్లు ఒక్కతీర్గ అబద్ధం ఆడయి" అన్నాడు.

తర్వాత ముల్లు మీటర్లు తీశాడు, ఒకటి కాదు, రెండు. నేను చూసిన పనిలో నన్ను కట్టిపడేసింది ఇదే. మామూలుగా గాలి పైపు మధ్యలో ఒక టీ జాయింటు పెట్టి ఒక మీటరు తగిలిస్తారు, టర్బో ఎంత ఒత్తుతోందో తెలియడానికి. ఆయన కబురు పైపుకు రెండు చివర్లా టీ జాయింట్లు పెట్టాడు. ఒకటి టర్బో దగ్గర, ఇంకొకటి డబ్బా దగ్గర. రెండింటి నుంచి పొడుగాటి సన్నపైపులు కిటికీలోంచి లోపలికి తెచ్చి, మీటర్లను డ్యాష్‌బోర్డు మీద పక్కపక్కన టేపుతో అంటించాడు. ఎడమ ముల్లు పంపిన కబురు చెబుతుంది, కుడి ముల్లు అందిన కబురు చెబుతుంది.

రోడ్డెక్కే ముందు డబ్బాను కూడా పరీక్షించాడు. చేతి పంపుతో మెల్లగా గాలి ఎక్కిస్తూ కడ్డీ ఎక్కడ కదలడం మొదలుపెడుతుందో చూశాడు. ఆ మోడల్‌కు 0.85 బార్ దగ్గర కదలాలి, ఇది 1.1 దాకా కదల్లేదు. కదిలాక పంపు ఆపి నిమిషం పాటు మీటరు వైపే చూశాడు, ముల్లు జారలేదు. పొర చిరగలేదన్నమాట. పక్కనే టైర్లకు గాలి పట్టే పెద్ద కంప్రెసర్ ఉంది కదా, దానితో ఎందుకు చేయలేదని అడిగాను. దాని గాలి ఏడెనిమిది బార్‌లు, ఒక్క దెబ్బకు లోపలి పొర చిరిగిపోతుందన్నాడు. పరీక్ష పేరుతో మంచి డబ్బాలను చంపినవాళ్లను చాలామందిని చూశాడట. తర్వాత కడ్డీ క్లిప్ తీసి, వేస్ట్‌గేట్ చెవిని వేలితో అటూ ఇటూ ఆడించాడు. కళ్లు మూసుకుని ఆడించాడు. మసి పట్టి బుష్షు బిగుసుకుంటే వేలికి గరగర తగులుతుందట. తగల్లేదు.

ఆ పైన కడ్డీ మీది లాక్ నట్టు చూపించాడు. కంపెనీలో బిగించాక నట్టుకూ కడ్డీకీ కలిపి ఒక రంగు గీత గీస్తారు. ఎవరైనా తిప్పితే గీత విరిగి కనిపించాలని. ఇక్కడ గీత విరిగి ఉంది. నట్టు మీది ముక్కకూ కడ్డీ మీది ముక్కకూ పొంతన లేదు. పికప్ కావాలని ఎప్పుడో ఎవరో కడ్డీని పొట్టి చేశారు. పొట్టి చేస్తే స్ప్రింగు ముందే బిగుసుకుంటుంది, తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, బండి కొన్నాళ్లు పొగరుగా పరుగెడుతుంది. చిన్నాయన ఈ బండి కొన్నది నాలుగేళ్ల కిందే, ముందటి చేతులు ఎవరివో తెలియదు.

"దొరికింది గద" అన్నాడు చిన్నాయన.

"దొర్కలే కాకా. ఇది సల్లగున్నప్పుడు గూడ ఇట్లనే ఉంటది. నీ బండి సల్లగున్నప్పుడు ఆగుతలేదు గద."

చేతిలో ఒక తప్పు పట్టుకుని కూడా దాన్ని దిద్దకుండా ఆగిన ఆ క్షణాన్ని నేను మరిచిపోలేను. నట్టు వెనక్కి తిప్పితే బండి బహుశా కొన్నాళ్లు ఆగకుండా నడిచేది, డబ్బులు చేతిలో పడేవి, అసలు తప్పు అడుగున దాక్కునేది. రోగం ఏదో, రోగానికి ఎవరో చేసిన వైద్యం ఏదో విడదీయకుండా ఆయన పానా తిప్పడు.

రోడ్డెక్కాం. పొన్నాల దాటి దుద్దెడ వైపు. ఉస్తాద్ నడుపుతున్నాడు, ముందు సీట్లో షెడ్డు పోరడు ముళ్ల అంకెలు గట్టిగా చదువుతున్నాడు, వెనక నేనూ చిన్నాయనా. నిలబెట్టి రేజ్ చేస్తే టర్బో నిండదు, ఇంజిన్ మీద బరువు పడాలి. అందుకే మూడో గేరులో తక్కువ వేగం నుంచి నిండా తొక్కాడు. ఇంజిన్ ఇంకా పూర్తిగా వేడెక్కలేదు. రెండు ముళ్లూ జంట ఎడ్ల లాగా కలిసి లేచాయి. 1.1 దగ్గర కడ్డీ కదిలి ఉంటుంది, 1.15 దగ్గర రెండూ నిలిచాయి. ఎక్కువే, కానీ హద్దు దాటలేదు. బండి ఆగలేదు.

అరగంట తిప్పాడు. వేడి ముల్లు మధ్యకు వచ్చాక మళ్లీ అదే చోట, అదే మూడో గేరు. ఈసారి ఎడమ ముల్లు దుమికింది. కుడి ముల్లు బద్ధకంగా కదిలింది. "ఒకటి, ఒకటి పాయింట్ ఒకటి, ఒకటి పాయింట్ రెండు..." పోరడి గొంతు పెరుగుతోంది. ఎడమది 1.3 చేరింది, కుడిది ఇంకా 0.7 దగ్గర పాకుతోంది. స్కానర్ అంకె 2250. పసుపు బొమ్మ వెలిగింది, తాడు పట్టి లాగినట్టు బండి చచ్చుబడింది. ఉస్తాద్ ముఖంలో ఎంత తృప్తో! 2250లోంచి 955 తీసేస్తే 1295. ముల్లు మీటరు చూపిన 1.3 బార్ కూడా అదే. స్కానర్ బయటి గాలినీ కలిపి చెబుతుంది, ముల్లు మీటరు బయటి గాలి మీద పెరిగిందే చెబుతుంది. రెండూ కలిశాయంటే సెన్సర్ నిజమే చెబుతోంది, టర్బో నిజంగానే హద్దు దాటుతోంది. కబురు బయలుదేరుతోంది, నీరటికి అందడం లేదు.

అక్కడే చెట్టు కింద ఆపి బానెట్ ఎత్తాడు. ఆలస్యం చేస్తే వేడి తగ్గి సాక్ష్యం పోతుందన్నాడు. చేతికి గుడ్డ చుట్టుకుని కబురు పైపు వెంట వేలు జరుపుకుంటూ వెళ్లాడు. పొగ గొట్టం మీది రేకు కవరు పక్కన పైపు ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపులో వేలు ఆగింది. నన్ను కూడా తాకి చూడమన్నాడు. అద్దాలు కడిగే నీళ్లకు వాడేలాంటి మెత్తటి ప్లాస్టిక్ పైపు. పాతది చీలినప్పుడు ఎవరో చేతికందింది తొడిగి ఉంటారు. చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా, గట్టిగా, ఏ తప్పూ లేకుండా ఉంటుంది. షెడ్డులో ఎన్ని పరీక్షలు చేసినా గెలుస్తుంది. వేడికి మెత్తబడి వంపులో నొక్కుకుపోయి తామరతూడు విరిగినట్టు మూసుకుంటోంది. పూర్తిగా కాదు, గాలి సన్నగా దూరుతోంది. అందుకే కుడి ముల్లు ఆగకుండా పాకింది. తలుపు తెరుచుకుంటుంది, కానీ హద్దు దాటాక తెరుచుకుంటుంది.

ఇక్కడ పాత టర్బోకూ కొత్త టర్బోకూ ఉన్న ఒక తేడా చెప్పాడు, అది పని నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ తెలియాలి. ఈ పాత పద్ధతిలో ఒత్తిడే తలుపు తెరుస్తుంది. కాబట్టి పైపు చీలినా, ఊడినా, నొక్కుకున్నా బలం పెరుగుతుంది. తర్వాత వచ్చిన చాలా డీజిల్ బండ్లలో తలుపు బదులు టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి, వాటిని ఇంజిన్ వ్యాక్యూమ్ లాగి పట్టుకుంటుంది. అక్కడ పైపు చీలితే రెక్కలు వదులై బలం తగ్గుతుంది. అదే రెక్కలు మసి పట్టి మూసిన చోటే బిగుసుకుంటే బలం పెరుగుతుంది. ఒకే చీలిక, రెండు బండ్లలో రెండు ఎదురెదురు జబ్బులు. పైపు చూసే ముందు అది ఏ కబురు మోస్తోందో తెలియాలి.

షెడ్డుకు వచ్చి, లోపల నూలు అల్లిన, నూనెకూ వేడికీ తట్టుకునే రబ్బరు పైపు కొలిచి కోశాడు. పాత దారిలో వేయలేదు. రేకు కవరుకు బెత్తెడు దూరంగా, పెద్ద వంపుతో తిప్పి రెండు చోట్ల క్లిప్ వేశాడు. ఒక క్లిప్ ఎక్కువ బిగించాడని పోరడిని మెత్తగా మందలించాడు, రబ్బరు తెగుతుందని. పైపు ఖరీదు మేం తాగిన టీల కన్నా కొంచెం ఎక్కువ. అయినా కడ్డీ నట్టు ముట్టుకోలేదు. "ఒక్కపారికి ఒక్కటే" అన్నాడు. మళ్లీ రోడ్డు, మళ్లీ అరగంట, మళ్లీ మూడో గేరు. వేడి మీద కూడా రెండు ముళ్లూ కలిసి లేచి 1.15 దగ్గర నిలిచాయి. పసుపు బొమ్మ వెలగలేదు. తప్పుల్లో ఏ వాటా దేనిదో అంకెల్లో తేలిపోయింది. పైపు వాటా 0.15, మిగిలింది నట్టుది.

సిద్దిపేట పేరు చెప్పగానే గొల్లభామ చీర గుర్తొస్తుంది. మగ్గం మీద ఒక్కో పోగు లెక్కపెట్టి తలమీద కుండతో నడిచే ఆ బొమ్మను తీర్చే చేతులను మనం మెచ్చుకుంటాం, మెచ్చుకోవాలి. నట్టు తిప్పుతున్న ఉస్తాద్ చేతుల్లో నాకు ఆ లెక్కే కనిపించింది. కడ్డీ మర 6 మిల్లీమీటర్లది, ఒక చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు. ఆయన అర చుట్టు తిప్పాడు, చేతి పంపు పెట్టాడు, ముల్లు చూశాడు. మళ్లీ అర చుట్టు. మళ్లీ పంపు. కడ్డీ 1.0 దగ్గర కదిలింది. ఇంకో అర చుట్టు. 0.9. చివరి పావు చుట్టుకు ముందు చెయ్యి తీసి, చొక్కాకు తుడుచుకుని, మళ్లీ పట్టాడు. 0.85 దగ్గర కడ్డీ నూకగింజంత కదిలింది. మూడుసార్లు పంపు కొట్టాడు, మూడుసార్లూ అక్కడే.

పొద్దు గుంకుతుండగా ఆఖరిసారి దుద్దెడ దాకా వెళ్లాం. నలుగురం, వెనక నాలుగు సిమెంటు బస్తాల బరువు కూడా వేసుకున్నాడు. మూడో గేరు, నాలుగో గేరు, ఐదో గేరు. ముళ్లు 1.0 దగ్గరికి లేచి అక్కడే నిలబడ్డాయి. పోరడు కాసేపు చదివి, అంకె మారకపోయేసరికి చదవడం మానేశాడు. మా ముందున్న ఇసుక లారీని ఒక్క ఊపులో దాటాం, ఈల హద్దులోనే ఆగింది. చిన్నాయన ఏమీ అనలేదు, కిటికీ అద్దం దించి ఆ ఈలను వింటూ కూర్చున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక మీటర్లు విప్పారు. టీ జాయింట్లు తీసి పైపు చివర్లు మళ్లీ తొడిగారు. బానెట్ మూయబోతున్న పోరడిని ఉస్తాద్ ఆపి, గోడ అల్మారాలోంచి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తెప్పించాడు. టార్చి పట్టుకోమని నాకు ఇచ్చి, ఊపిరి బిగబట్టి, లాక్ నట్టు మీద మొదలుపెట్టి కడ్డీ మీద ముగిసేలా సన్నటి గీత ఒకటి గీశాడు. ఆరేదాకా అక్కడే వంగి ఉన్నాడు.

"ఇదెందుకు ఉస్తాద్?" అని అడిగాడు చిన్నాయన.

"రేపు ఇంకోడు విప్పుతడు గద కాకా. వానికి తెల్వాలె."